డాక్టరుగారి గదిలో ఇన్విజిలేషన్

త్రిమూర్తులుగారు పోయిన ఏడాదికి నాచారంలోని ఆ ఇంట్లో తీపి కోసం వేట మొదలైంది.

వేటాడుతున్నది ఆయన తల్లి అనంతలక్ష్మి. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళు రెండూ మొరాయిస్తాయి. అయినా స్టూలెక్కి అటక మీద పాత సామాన్లన్నీ కదిపి చూసింది. బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికింది. దిండు గలేబులు విప్పి దులిపింది. దేవుడి పటాల వెనక చూసి, చూసినందుకు లెంపలేసుకుంది. ఎక్కడా బెల్లం ముక్క దొరకలేదు. దొరకకపోయేకొద్దీ ఆవిడ అనుమానం పెరిగింది. కోడలు ఇంత పకడ్బందీగా దాస్తోందంటే తినేది సామాన్యంగా తినడం లేదన్నమాట.

కోడలు సత్యవేణి నాచారం హైస్కూల్లో తెలుగు టీచరు. వయసు నలభై నాలుగు. వేట జరుగుతున్నంతసేపూ హాల్లో కూర్చుని కాంపోజిషన్ పుస్తకాలు దిద్దుకుంటూ ఉండేది. ఒకసారి మాత్రం తల ఎత్తకుండా, "అత్తయ్యా, గ్యాస్ బండ కింద చూశారా?" అంది. అనంతలక్ష్మి నిజంగానే వెళ్ళి చూసింది.

అసలు సంగతి ఇలా జరిగింది. భర్త పోయిన కొద్ది నెలలకు సత్యవేణి చిక్కిపోవడం మొదలుపెట్టింది. జాకెట్లు వదులయ్యాయి. నోరు ఎండిపోయేది. ఎన్ని చెంబుల నీళ్ళు తాగినా దాహం తీరేది కాదు. తాగిన నీళ్ళన్నీ బాత్రూముకు నడిపించేవి. వీధి చివరి డాక్టరు నాడి కూడా చూడకుండా, "మనోవేదన అమ్మా, కాలమే మందు" అన్నాడు. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ కంప్యూటరులోంచి తల తిప్పకుండా, "ఈ వయసులో ఆడవాళ్ళకు మామూలే" అంది. సాయంత్రాలు కాలనీ పార్కులో నడిచే ఆడవాళ్ళయితే ఆమెను చుట్టుముట్టి, ఏం తిని ఇంత సన్నబడ్డావో చెప్పమని ప్రాణం తీశారు.

సత్యవేణి కూడా అది దుఃఖమే అనుకుంది. అలా అనుకోవడంలో ఆమెకు లోపల కొంచెం తృప్తి కూడా ఉండేది. అంతటి మనిషి వెళ్ళిపోయాక తను మాత్రం నిండుగా ఉంటే ఏం బాగుంటుంది?

తర్వాత స్కూల్లో ఆరోగ్య శిబిరం పెట్టి టీచర్లందరి వేళ్ళూ పొడిచారు. సత్యవేణి వేలి దగ్గర మిషన్ చూపించిన అంకె చూసి నర్సు మిషన్ చెడిపోయిందనుకుని ఇంకోటి తెచ్చింది. రెండోది కూడా అదే మాట చెప్పింది. అలా ఆమె ఉప్పల్లో దామోదర్ డాక్టరు దగ్గరికి వచ్చి పడింది.

దామోదర్ మంచి డాక్టరు. మంచి మనసు, పెద్ద గొంతు. ఉప్పల్ రింగు రోడ్డు వెనక సందులో కింద దవాఖానా, పైన ఇల్లు. చుట్టుపక్కల షుగరు ఉన్న ప్రతి మనిషీ ఆయన మందు మీదే నడుస్తాడు, ఆయన చేత తిట్లు తింటాడు. ఇన్నేళ్ళ అనుభవంతో ఆయన కనిపెట్టిన సత్యం ఒక్కటే: షుగరు పేషెంటు అబద్ధమాడతాడు. నెలంతా లడ్డూలు తిని, పరీక్షకు ముందు మూడు రోజులు మాత్రం కాకరకాయ మీద బతికి, రిపోర్టు పట్టుకుని అమాయకంగా వచ్చి నిలబడతాడు. అందుకని ఆయన రిపోర్టును నమ్మడు, మనిషిని అసలే నమ్మడు.

ఆయన సత్యవేణికి గోళీలు రాశాడు. షుగరు తగ్గలేదు. గోళీలు పెంచాడు. షుగరు కూడా పెరిగింది. ఇంకా పెంచాడు. మూడోసారి అత్తాకోడళ్ళిద్దరూ వెళ్ళినప్పుడు కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"ఏం తింటున్నవమ్మా?"

"రెండు పుల్కాలు, ఆకుకూర, మజ్జిగ అండీ."

"అది నాకు జెప్పనీకి. నిజంగ ఏం తింటున్నవ్?"

"అదేనండీ."

డాక్టరు ఆమెను వదిలేసి అనంతలక్ష్మి వైపు తిరిగాడు. "పెద్దమ్మా, జర ఇల్లంత ఎతుకు. నీ కోడలు దొంగసాటుగ తింటున్నది. మందు పనిజెయ్యకపోవుడు అనేది ఉండదు. మనిషి మాట ఇనకపోవుడే ఉంటది."

తిరుగు ఆటో హబ్సిగూడ దాకా వచ్చింది. మెట్రో స్తంభాలు దాటాక అనంతలక్ష్మి కోడలి చెయ్యి పట్టుకుంది. చెయ్యి మరీ తేలిగ్గా ఉంది. "వాడెలాగూ పోయాడు. నువ్వు కూడా పోతే నేనెవరికి వండిపెట్టనే? తినాలనిపిస్తే నాతో చెప్పు, తిడతాను గానీ చంపను. దాచుకుని మాత్రం తినకు."

"నేనేమీ తినడం లేదత్తయ్యా."

"అందరూ అలాగే అంటారట, డాక్టరు చెప్పాడుగా."

అదీ వేట వెనక కథ.

చివరికి ఒక ఆదివారం అనంతలక్ష్మికి సాక్ష్యం దొరికింది, అదీ కోడలి హ్యాండ్‌బ్యాగులో. మంచం మీద బోర్లించగానే చాక్లెట్లు జలజలా రాలాయి. ఎర్ర కాగితాలవి, ఆకుపచ్చవి, కొన్ని ఎండకు కరిగి కాగితానికి అంటుకుపోయినవి.

"ఇవేమిటే?"

"పిల్లల పుట్టినరోజులవి అత్తయ్యా. కొత్త బట్టలేసుకుని స్టాఫ్ రూముకు వచ్చి ఒక్కొక్క టీచరుకూ ఒకటి ఇస్తారు. వద్దంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. తీసుకుని సంచిలో పడేస్తాను."

"ఇన్ని పుట్టినరోజులా?"

"ఆరో తరగతి ఒక్కదానికే మూడు సెక్షన్లు."

అనంతలక్ష్మి ఆ లెక్కను ఒప్పుకోలేదు. మర్నాడు కోడలు స్కూలుకు వెళ్ళగానే చాక్లెట్లన్నీ కొంగున మూటగట్టుకుని, ఒంటరిగా ఆటో ఎక్కి ఉప్పల్ వెళ్ళి డాక్టరు టేబుల్ మీద కుమ్మరించింది. ఆయన రిపోర్టు చదివినదానికంటే శ్రద్ధగా వాటిని చూశాడు.

"నేను జెప్పలే?" అన్నాడు సంబరంగా. "ఇగ తినుడు బంద్ జేసినంకనే రమ్మను. అప్పటిదాక నా టైమ్ ఖరాబు జెయ్యొద్దను."

ఆ కబురు విని సత్యవేణి మళ్ళీ పుస్తకాలు దిద్దుకోసాగింది. మాటలను జాగ్రత్తగా వాడే అలవాటు ఆమెది. మాటను నమ్మని చోట దాన్ని వాడటం దండగ అనిపించింది. కానీ ఆ వారంలోనే ఎనిమిదో తరగతి గదిలో బోర్డు మీద తను రాసిన అక్షరాలే ఆమెకు అలికినట్టు కనిపించాయి. కాళ్ళలో సత్తువ లేక కుర్చీలో కూలబడింది. ముందు బెంచీ పిల్ల నీళ్ళ సీసా ఇచ్చింది. తాగింది. పక్కపిల్ల ఇచ్చింది. అదీ తాగింది. బెంచీ అయిపోయాక రెండో బెంచీ వాళ్ళు లేచి వరసలో నిలబడ్డారు.

గంట కొట్టగానే లెక్కల టీచరు తారామణి వచ్చింది. లాలాపేట మనిషి. పదో తరగతి పరీక్షలకు స్క్వాడ్ డ్యూటీ పడితే ఆమె జీపు దిగకముందే పిల్లలు చిట్టీలు నమిలి మింగేస్తారని చెప్పుకునేవారు.

"ఏందక్కా, క్లాసు నీళ్ళన్నీ ఖాళీ జేసినవంట. పోరగాండ్లు వచ్చి నాకు ఫిర్యాదు జేసిన్రు. ఇంకొక్క బెంచి మిగిలిందంట, వాళ్ళకు మస్తు బాధైతుంది."

సత్యవేణి జరిగిందంతా చెప్పింది. చెప్పడానికి ఎక్కువ మాటలు పట్టలేదు.

తారామణి కాసేపు ఆమె మొహంలోకి చూసింది. "తిన్నవా?"

"నువ్వు కూడానా తారా?"

"అడుగుడు నా డ్యూటీ. నువ్వు తినలే. తిన్నోళ్ళు నా మొకం సూడరు, ఫ్యాను దిక్కు సూస్తరు."

"నీకు తెలిసి ఏం లాభం? ఆయన నమ్మడు. నమ్మేదాకా వైద్యం లేదు. ఇలాగే ఇంకొన్నాళ్ళు పోతే..." అని ఆగిపోయింది సత్యవేణి. ఆ తర్వాతి మాట ఇద్దరికీ తెలుసు.

తారామణి సుద్దముక్క ఎగరేసి పట్టుకుంది. "కాపీ కొట్టినోడ్ని పట్టుకోవచ్చక్కా. కొట్టలేదని రుజువు జెయ్యాల్నంటే ఒకటే తొవ్వ. ఇన్విజిలేటర్ ముందట కూసోని రాసుడు. రెండో శనివారం నాకు సెలవు, నీకు సెలవు. ఆయన దవాఖానల పొద్దందాక కూసుందాం. ఆయన సూస్తుండంగనే తిను. ఆయనే వేలు పొడవాలె."

"ఒప్పుకుంటాడా?"

"ఒప్పుకోకుంటే మాల్ ప్రాక్టీస్ కేసు ఆయన మీదనే బుక్ జేస్త."

సత్యవేణికి నవ్వొచ్చింది. అది మొదట ముక్కులోంచి వచ్చింది, తర్వాత భుజాల్లోకి పాకింది. ఆమె నవ్వి ఏడాది దాటింది. ఎలా ఆపాలో మర్చిపోయినట్టు బోర్డు పట్టుకుని నిలబడింది.

రెండో శనివారం పొద్దున్నే ముగ్గురూ ఉప్పల్లో దిగారు. అనంతలక్ష్మి తనూ వస్తానని పట్టుబట్టింది. ఎదటి పక్షం తరఫున.

తారామణి విషయం చెప్పగానే డాక్టరు కుర్చీలోంచి లేచాడు. "ఇది దవాఖాన అనుకుంటున్నరా, పరీక్ష హాల్ అనుకుంటున్నరా?"

"ఇయ్యాల రెండూ సార్. మీరు చీఫ్, నేను స్క్వాడ్. క్యాండిడేట్ రెడీ."

"నాకు ఇంత మంది పేషెంట్లున్నరు!"

"మీ పేషెంట్లను మీరు సూస్కోన్రి. ఆమె ఆ మూలకు కూసుంటది. మీరంటున్నరు కద, దొంగసాటుగ తింటదని. మీ కండ్లకు దొంగ దొరకాల్నా, వద్దా?"

దొంగను పట్టే అవకాశాన్ని దామోదర్ వదులుకోలేకపోయాడు. "అన్నం నేను జెప్పిందే తినాలె," అన్నాడు.

"మీ ఇంట్లదే పెట్టున్రి."

"నీళ్ళు కూడ మా క్యాన్లయే."

"మీ క్యానే సార్. ఒక్కటి సరిపోదు, ఇంకోటి తెప్పియ్యున్రి."

బయట బెంచీల మీద కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే తలుపు దగ్గర చేరారు. వాళ్ళందరి ముందు తారామణి తనిఖీ చేసింది. సంచి బోర్లించింది. కొంగు దులిపింది. కొప్పు విప్పి వేళ్ళతో వెతికింది. కళ్ళజోడు డబ్బా తెరిచి వాసన చూసింది. సబ్బుతో చేతులు కడిగించింది. తర్వాత అనంతలక్ష్మి వైపు తిరిగింది. "పెద్దమ్మా, మీ కొంగు గూడ."

"నాదెందుకమ్మా?"

"చిట్టీలు అందిచ్చేటోళ్ళను గూడ సూస్తం."

అనంతలక్ష్మి కొంగులోంచి రెండు వక్కపలుకులు రాలాయి. అవి పరీక్ష ముగిసేదాకా జప్తు అయ్యాయి.

డాక్టరు స్వయంగా వేలు పొడిచాడు. అంకె పెద్దదే వచ్చింది. "రాత్రి తిన్నది," అన్నాడు హాయిగా. "మధ్యాహ్నానికి దిగుతది సూడున్రి. ఈడ తిననీకి దొరకదు కద."

తొమ్మిదింటికి పైనుంచి జొన్నరొట్టె ముక్క, తోటకూర వచ్చాయి. సత్యవేణి తిన్నది. మూలన కుర్చీలో కూర్చుని అందరూ తనను చూస్తుంటే తను కూడా అందరినీ చూసింది. ఇన్నేళ్ళలో ఎంతమంది పిల్లలు ఇలా ఆమె చూపుల కింద కూర్చుని ఉంటారు! వాళ్ళలో ఏమీ చెయ్యని పిల్లకు కూడా వీపు మీద ఇలాగే చురచురలాడి ఉంటుంది. మధ్యలో బాత్రూముకు లేస్తే తారామణి తలుపు దాకా వెళ్ళి కాపలా కాసింది. లేవడం చాలాసార్లు అయ్యేసరికి బెంచీల మీదివాళ్ళే దారి వదిలి, "పోనియ్యున్రి, పోనియ్యున్రి, స్క్వాడ్ వస్తున్నది," అని కేకలు పెట్టసాగారు.

మధ్యాహ్నం మళ్ళీ పొడిచారు. అంకె దిగలేదు. ఎక్కింది.

డాక్టరు మిషన్ను అటూ ఇటూ తిప్పాడు. తన వేలు పొడుచుకుని చూసుకున్నాడు. మిషన్ బాగానే ఉంది. ఆయన మొహంలో అనుమానం ఒక్కొక్క మనిషి మీద వాలుతూ వచ్చి, చివరికి పైకప్పు వైపు లేచింది. ఫోన్ తీశాడు.

"ఏమే, తోటకూరల బెల్లం ఏసినవా?"

ఫోన్లోంచి వచ్చిన జవాబు గది మొత్తానికి వినిపించింది. "మీకు మతి పోయిందా? తోటకూరల బెల్లం ఎవరన్న ఏస్తరా? ఇరవై ఏండ్ల సంది నా వంట తిని, ఇయ్యాల నన్ను దొంగను జేస్తరా? కిందికి వస్తున్న, ఆగున్రి!"

"రాకు, రాకు," అన్నాడు డాక్టరు కంగారుగా.

తలుపు దగ్గర ఒక లావుపాటి పెద్దమనిషి తట్టుకోలేకపోయాడు. కాప్రాలో సిమెంటు దుకాణం నడిపే మహిపాల్. "సార్, ఆమె తినలే. నేను తింట. నిజం జెప్తున్న. మొన్న మా బామ్మర్ది పెండ్లిల డబల్ కా మీఠా తిన్న. రెండు సార్లు పెట్టిచ్చుకున్న."

"ఏందీ?"

"నేను రోజు ఇరానీ చాయ్ తాగుత సార్," అంది అతని వెనక నుంచి ఒక గొంతు. "బిస్కెట్లు గూడ."

"నేను పాయసం ఉప్పు చూసే వంకతో తింటానండీ," అని ఒక కోస్తా ఆవిడ కళ్ళొత్తుకుంది.

"మీరు పోయిన నెల నాకు శభాష్ అన్నరు సార్. నేను మూడు రోజులు ఉపాసం ఉండొచ్చిన."

దామోదర్ డాక్టరు ఇన్నేళ్ళుగా వెతుకుతున్న దొంగలందరూ ఒక్కసారిగా లొంగిపోయారు. కానీ ఆయన వాళ్ళను తిట్టలేదు. గది మధ్యలో నిలబడి మూలన కూర్చున్న సన్నటి మనిషిని చూశాడు. ఆమె ఫ్యాను వైపు చూడటం లేదు, గోడ వైపు చూడటం లేదు. ఆయన కళ్ళలోకే చూస్తోంది.

"నేను తినలేదండీ," అంది.

ఆయన స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఆ ఏడాదిలో ఒక డాక్టరు ఆమె ఎదురుగా కూర్చోవడం అదే మొదలు.

"ఎన్ని కిలోలు తగ్గినవమ్మా?" అన్నాడు. గొంతు చిన్నదయింది. "ఎప్పటి సంది? మీ ఇంట్ల ఎవరికన్న థైరాయిడ్ ఉన్నదా? కడుపుల తిప్పుతున్నదా?"

అవన్నీ ఆమె ఎవరైనా అడుగుతారని ఎదురుచూసిన ప్రశ్నలు. వరసగా జవాబులు చెప్పింది. ఆయన మూత్ర పరీక్ష చేయించాడు. అందులో ముంచిన కాగితం ముక్క ఊదారంగుకు తిరిగింది, ఒంట్లో విషం చేరుతోందనడానికి గుర్తుగా. ఆయన దాన్ని వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత షుగరు వైద్యంలో పెద్ద చదువు చదివిన స్నేహితుడికి ఫోన్ చేసి ఇంగ్లీషులో గబగబా మాట్లాడి, కాంపౌండరును ఇన్సులిన్ తెమ్మన్నాడు.

"ఈమెది మనం రోజు సూసే షుగర్ కాదు," అన్నాడు అందరూ వినేలా. "పిల్లలకు వచ్చే తీరుది. అది పెద్దోళ్ళకు గూడ వస్తది, నలభై దాటినంక గూడ. లోపల ఇన్సులిన్ తయారయ్యేదే ఆగిపోతున్నది. గోలీలు ఎన్ని ఏసినా ఏం ఫాయిదా? నెత్తురు పరీక్షకు పంపుత, రిపోర్టు వచ్చినంక ఖాయం జేద్దాం. సూది మాత్రం ఇయ్యాలనే. ఇంకో వారం ఆగితే..." ఆయన కూడా అక్కడే ఆగిపోయాడు.

తర్వాత తారామణి వైపు చూశాడు. "ఏం రాస్తవమ్మా రిపోర్టుల?"

"క్యాండిడేట్ దగ్గర ఏం దొరకలే సార్. చీఫ్ సూపరింటెండెంట్ జర పేపర్ సదువుకోని రావాలె."

గదంతా నవ్వింది. అందరికంటే గట్టిగా డాక్టరు నవ్వాడు. నవ్వి, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

పొట్ట మీద మొదటి సూది పడుతుంటే అనంతలక్ష్మి కోడలి చెయ్యి పట్టుకుంది. పట్టుకుని డాక్టరును నిలదీసింది. "మా అమ్మాయి అలాంటిది కాదండీ. దానికి చిన్నప్పటినుంచీ తీపి పడదు. నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను, మీరే వినిపించుకోలేదు."

సత్యవేణి అత్తగారి మొహంలోకి చూసింది. అందులో ఎక్కడా అబద్ధం లేదు. ఆవిడ అప్పుడే ఆ క్షణాన మొదటినుంచీ నమ్మేసింది. సత్యవేణి ఆ చేతిని నొక్కి ఊరుకుంది.

రెండు రోజులు పొద్దున్నా సాయంత్రం ఉప్పల్ వచ్చి డాక్టరు ముందే సూది వేయించుకుంది. ఆ తర్వాత తనే నేర్చుకుంది. నెత్తురు రిపోర్టు వచ్చి ఆయన అన్నదే ఖాయం చేసింది. జీవితాంతం సూదులు. ఆ మాట విని ఆమె భయపడాల్సింది. బదులుగా ఇంటికొచ్చి రెండిడ్లీలు ఎక్కువ తిన్నది. బోర్డు మీద అక్షరాలు తేరుకున్నాయి. పిల్లల సీసాలు పిల్లల దగ్గరే ఉన్నాయి. త్రిమూర్తులుగారు లేని లోటు కాస్తయినా తగ్గలేదు. కానీ అదిప్పుడు లోటుగానే ఉంది. దాహంగా, నీరసంగా, మసకగా లేదు. ఆయన్ను తలుచుకుంటే ఆయనే గుర్తొస్తున్నారు. అంతవరకు చాలుననిపించింది.

ఒక సాయంత్రం చెకప్‌కు వెళ్ళేసరికి దవాఖానా మెట్ల దగ్గర గొడవ జరుగుతోంది. పైమెట్టు మీద డాక్టరు. కింద రోడ్డు మీద పళ్ళ బండి, బండి వెనక నక్కినట్టు నిలబడిన ఒక మనిషి. యాభై ఏళ్ళుంటాయి. చొక్కా హ్యాంగరుకు తగిలించినట్టు వేలాడుతోంది.

"టీచరమ్మా, మంచిగ వచ్చినవ్," అన్నాడు డాక్టరు. "ఈయన సాంబయ్య. రెండు నెలల కింద నేనే తిట్టి ఎల్లగొట్టిన, నీ బండి మీది మామిడిపండ్లు నువ్వే తింటున్నవని. నీ కేసు సూసినంక నిద్ర పట్టలే. ఎతికిచ్చి పిలిపిచ్చిన. లోపలికి రమ్మంటే వస్తలేడు."

"నేను తినలే సార్," అన్నాడు సాంబయ్య బండి వెనక నుంచే.

"అరే, తినలేవని నాకు ఎర్కనే అయ్యా!"

"గట్లనే అంటరు. లోపలికి పోయినంక తిడ్తరు."

డాక్టరు నిస్సహాయంగా సత్యవేణిని చూశాడు. ఆమె మెట్లు ఎక్కకుండా బండి దగ్గరికి వెళ్ళింది. సాంబయ్య ఆమె జారిపోతున్న గాజుల్ని, ఇంకా వదులుగానే ఉన్న జాకెట్టును చూశాడు. తన లాంటి మనిషిని గుర్తుపట్టినట్టు కాస్త ముందుకు జరిగాడు.

"నిన్ను గూడ తిట్టిండా?" అన్నాడు గొంతు తగ్గించి.

"తిట్టాడు."

"ఏం తిన్నవని?"

"చాక్లెట్లు."

"తిన్నవా?"

"లేదు."

సాంబయ్య మెట్ల మీది డాక్టరును ఒకసారి, ఆమెను ఒకసారి చూశాడు. "మల్ల నమ్మిండా?"

"నమ్మాడు," అంది సత్యవేణి. "ఒక పూటంతా పట్టింది. మీకంత పట్టదు, రండి."

సాంబయ్య పళ్ళ మీద గోనెపట్టా కప్పాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, అప్పుడే వేలు చాపి పట్టుకుని, ఆమె వెనకాలే మెట్లెక్కాడు.